పత్తి గోదాంలో ఫిడేలు సాధన

సారంగపాణి హైదరాబాదులో పరీక్ష తప్పి వచ్చిన రోజున మొదటి నింద ఫిడేలు మీద పడింది. రెండోది రైలు మీద. తన వంతు మూడోదిగా వచ్చింది కానీ, అప్పటికి నిద్ర ముంచుకొచ్చింది.

అతనికి నలభై అయిదో ఏడు. రేడియో స్టేషనులో వాద్యబృందం కడుతున్నారనీ, నలుగురు ఫిడేలు వాళ్లు కావాలనీ తెలిసి కార్తీకంలో పరీక్షకు వెళ్లాడు. ఆ గది గోడలకు మందపాటి బట్ట, నేల మీద జంపఖానా. తలుపు మూస్తే బయట లోకం ఉందో లేదో తెలియదు. పరీక్షించేవాళ్లు అద్దానికి అవతల ఎక్కడో కూర్చుంటారు. వాళ్ల మాట గోడకున్న పెట్టెలోంచి వస్తుంది. సారంగపాణి మోహన వర్ణం ఎత్తుకున్నాడు. నాదం తీగ దాటి రాలేదు. కమాను ఇంకాస్త నొక్కాడు. అయినా రాలేదు. రెండో కాలానికి మోచేతిలో బలమంతా పెట్టాడు. మూడో కాలంలో ఫిడేలు గీపెట్టింది.

"ఒత్తిడి ఎక్కువైంది. ఆరు నెలల తర్వాత మళ్లీ రండి," అంది పెట్టె, మర్యాదగానే.

మట్టెవాడలో ఇంటి తలుపు తీసిన రాజవ్వ తమ్ముడి ముఖం చూసింది. "ఏందిరా, రైలుల ఎవడన్న కాలు తొక్కిండా?"

"గా గది గోడలు నాదం మింగుతున్నయక్కా."

"గోడలు మింగుడేందిరా? పొద్దుగాల ఏం తినకుంట పోయినవ్, గందుకే చెయ్యి ఆడలే."

రాజవ్వకు లోకంలోని కష్టాలన్నీ తిండి దగ్గరే మొదలవుతాయి. తమ్ముడి భార్య సరోజన నిరుడు వానాకాలంలో జ్వరంతో పోయినప్పుడు నర్సంపేట నుంచి వచ్చి, ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది. ఫిడేలు సంగతి మాత్రం ఆమె చేతిలో లేదు. సారంగపాణి అప్పటినుంచి ఒక్క కచేరీ ఒప్పుకోలేదు. ఒంటరిగా కూర్చుని వాయించాలంటే నాలుగు ఆవర్తనాలకే చెయ్యి ఆగిపోతోంది. నలుగురి మధ్య కూర్చుంటే ఆగదేమోనని ఆశ. అందుకే అతనికి ఆ బృందంలో చోటు కావాలి. అది దొరక్కపోతే ఫిడేలు పెట్టెలోనే ఉండిపోతుందని అతనికి తెలుసు. ఈ మాట అక్కతో అనలేదు.

పరీక్షకూ కచేరీకీ పోలిక లేదని అతను చాలా రోజులు ఆలోచించాడు. కచేరీలో తప్పు దొర్లితే మృదంగం వాడు దయగలవాడైతే కప్పేస్తాడు. ముందు వరుసలో ఎవరో ఒకరు తల ఊపుతారు, ఊపింది నిద్రకైనా సరే మనకు ఊతం. పరీక్షలో ఏదీ ఉండదు. ఇరవై ఏళ్ల సాధన పావుగంటలో చూపించమంటారు.

ఊళ్లో రైలు స్టేషను దగ్గర పత్తి గోదాంకు కాపలా ఉండే మొగిలయ్య ఒకనాడు చాయ్ తాగడానికి వచ్చి ఈ కథంతా విన్నాడు.

"గింతేనా? మా గోదాం గిట్లనే ఉంటదన్నా. నిండ పత్తి బేళ్లు. ఎన్కనుంచి పిలిస్తె ఇనవడది. మొన్న మా సేటు గంటసేపు తిట్టిండట నన్ను. ఒక్క ముక్క నా దాంక రాలే. నవ్వుకుంట నిలవడ్డ."

సారంగపాణి గ్లాసు కింద పెట్టాడు. "మొగిలీ, పొద్దుగాల బండ్లు ఎన్ని గంటలకొస్తయ్?"

మర్నాటి నుంచి బండ్లు రాకముందే గోదాంకు వెళ్లసాగాడు. రెండు వరుసల బేళ్ల నడుమ గోనెసంచి పరుచుకుని కూర్చుని కమాను లాగితే, అచ్చం రేడియో గదే. నాదం ఇటు పుట్టి అటు పత్తిలో ఇంకిపోయేది. దూది నూగు తీగలకంటుకుని వాటికీ మీసాలొచ్చేవి. తొందరగా వచ్చిన హమాలీలు ద్వారం దగ్గర నిలబడేవారు.

"మొగిలన్నా, బేళ్ల సందుల పిల్లి గిట్ల సొచ్చిందా?"

"పిల్లి కాదుర, విద్వాంసుడు. జర మర్యాద."

"మరి గంత మెల్లగ అరుస్తాండేంది?"

ఇంటికి పోతే రాజవ్వ తల దులిపేది. "ఫిడేలు వాయించవోయినవా, పత్తి ఏరవోయినవా? పది మంది సూస్తె ముసలోడనుకుంటరు."

నెల గడిచాక సారంగపాణికి మొదటి సంగతి బోధపడింది. చెవికి నాదం తిరిగి రాకపోతే చెయ్యి భయపడి నొక్కుతుంది. చెవిని నమ్మకుండా వేలిని నమ్మాలి. సరళీ స్వరాల నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఒక్క షడ్జమం మీద మూడు రోజులున్నాడు.

రెండో సంగతి తెలియడానికి ఇంకా సమయం పట్టింది. వర్ణంలో ప్రతి ముక్తాయింపు దగ్గరా తాను కాస్త ఆగుతున్నాడు. తాళంలో లేని ఆగడం. ఇంట్లో వాయించే రోజుల్లో సరోజన పక్కనే రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. అపస్వరం పడితే రాట్నం ఆగేది, బాగుంటే సాగేది. ఇన్నాళ్లూ అతను ఆ చప్పుడు కోసం ఆగుతున్నాడు. ఆ ఉదయం ఫిడేలు ఒడిలో పెట్టుకుని బండ్లు వచ్చేదాకా కూర్చున్నాడు. మొగిలయ్య తొంగిచూసి వెళ్లిపోయాడు. మర్నాడు సారంగపాణి ఆ చోట్లలో ఆగకుండా దాటాడు. కష్టమే అయింది. రోజూ దాటాడు.

వైశాఖంలో మళ్లీ పరీక్ష. ఈసారి రాజవ్వ మూడు జొన్నరొట్టెలు తినిపించిగాని పంపలేదు.

ఒంటరిగా వాయించడం నిమ్మళంగా గడిచింది. ఆ తర్వాత అసలు పరీక్ష పెట్టారు: పరీక్షకొచ్చిన నలుగురినీ జంపఖానా మీద వరుసగా కూర్చోబెట్టి అదే వర్ణం కలిసి వాయించమన్నారు. సారంగపాణిది మూడో చోటు. పక్కనే రామలింగం అనే పెద్దాయన, బొజ్జ మీద ఫిడేలు ఆనించుకుని. మొదలయ్యాక సారంగపాణికి తన ఫిడేలే వినపడలేదు. మోచెయ్యి గట్టిపడింది. నొక్కబోయి మానుకున్నాడు. రామలింగం కమాను ఎటు పోతే తనదీ అటే పోనిచ్చాడు.

పెట్టె మాట్లాడింది. "మూడో ఫిడేలు వాయిస్తున్నారా?"

"వాయిస్తున్ననండి."

"మాకు విడిగా వినపడలేదు."

అతను ఫిడేలు ఒడిలోకి దించుకున్నాడు.

"నలుగురిలో విడిగా వినపడనిది మీ ఒక్కరిదే. బృందానికి అదే కావాలి. ఆ చోటు మీదే, పై నెల ఒకటో తారీఖు నుంచి రండి. మిగతా ముగ్గురి సంగతి సాయంత్రం చెప్తాం. ఇక లేవవచ్చు."

రామలింగం మోకాళ్లు పట్టుకుని లేవబోయాడు. సారంగపాణి కదల్లేదు. నలుగురి మధ్య తన చెయ్యి ఒక్కచోటా ఆగలేదని అప్పుడే తట్టింది.

"అయ్యా, ఇంకొక్కసారి కలిసి వాయిస్తమండి," అన్నాడు పెట్టె వైపు చూసి.

"పరీక్ష అయిపోయిందండీ. బయట తబలా వాళ్లు కూర్చున్నారు."

"అయిపోయిందని ఎరికేనండి. పరీక్షకు కాదు."

 లేవబోయిన రామలింగం మళ్లీ చతికిలబడి, "తమ్మీ, నా మోకాళ్లు రెండుసార్లు లేవయి. కానియ్," అని శ్రుతి సరిచూసుకున్నాడు. మిగతా ఇద్దరూ కమాన్లు ఎత్తారు.