ఖాళీగా ఉండాల్సిన గడి

"గేటుకు కొడితె నేనూకోను," అని మా అత్తమ్మ నాగవ్వ మూడోసారి అంది. "పిచ్చోళ్ల డాక్టరని బోర్డు పెట్టుకుంటె ఇంటికి సుట్టాలొస్తరా? గంత మోజుంటె లోపలి అర్రల తలిగేసుకోరి."

"పిచ్చోళ్ల డాక్టర్ గాదవ్వా, చైల్డ్ సైకాలజిస్ట్." మా ఆయన ప్రేమ్ డ్రిల్ మిషన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "బడి పిల్లలకు."

"పిల్లలకు పిచ్చా? ఇంకా మంచిగున్నది."

మామ లింబయ్య పేపర్లోంచి తల ఎత్తలేదు. "డిగ్రీ చిన్నగ పడ్డదిరా. కోడలు సదివిన సదువు రోడ్డు మీదికి కనవడాలె. మళ్ల చేపియ్యి."

ఆదివారం పొద్దున అరగంట నుంచి ఇదే రభస. బోర్డు ఎక్కడ పెట్టాలని నన్నెవరూ అడగలేదు. ఇత్తడి రేకు మీద వినీత అని నా పేరు, పక్కన ఎం.ఎస్సీ. సైకాలజీ, పి.జి. డిప్లొమా ఇన్ కౌన్సెలింగ్. పెసర్లలో రాళ్లు ఏరుతున్న నేను, అటు చూసిన ప్రతిసారీ చూపు మళ్లీ చేటలోకే దించుకుంటున్నాను.

ఆ చదువు ఎట్లా వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. నేను బి.కాం. చదివి, బోధన్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి చెప్పేదాన్ని. ప్రతి స్కూల్లో కౌన్సెలర్ ఉండాలని పైనుంచి కాగితం వచ్చాక, కరస్పాండెంట్ దశరథం సార్ నన్ను పిలిచి, "నీకు ఓపికున్నది. డిగ్రీ ఒక్కటి తెచ్చుకో," అన్నాడు. మా మరిది సాయికుమార్ పని అదే. నిజామాబాద్ బస్టాండు దగ్గర మొబైల్ షాపు పైన కూర్చుని, ఎవరికి ఏ డిగ్రీ కావాలన్నా వేరే రాష్ట్రం నుంచి ఇప్పిస్తాడు. నా యూనివర్సిటీని నేను బ్రోచర్‌లోనే చూశాను.

పరీక్షలు ఒక ఫంక్షన్ హాలు భోజనాల గదిలో జరిగాయి. ముందురోజు పెళ్లి నూనె బల్లలకు ఇంకా జిడ్డుగా అంటుకుని ఉంది. గైడు చింపి వరుసకు రెండు పేజీలు పంచారు. నేనూ రాశాను. పదిహేను మంది పిల్లలను దగ్గరుండి గమనించి, తల్లిదండ్రులతో మాట్లాడి కేసు రికార్డులు రాయాలి. సాయి వాటిని జిరాక్స్ సెంటర్ నుంచి తయారుగా తెచ్చాడు, పేర్లు, ఊర్లు మారిస్తే చాలు. ఏడో కేసులో పిల్లవాడిది బోధన్ అని మార్చాను కానీ, వాళ్ల నాన్న రోజూ తెల్లవారకముందే వల పట్టుకుని సముద్రం మీదికి పోతున్నట్టు అట్లాగే ఉండిపోయింది. దానికి తొంభై రెండు మార్కులు వేశారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. నేనైతే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను.

పోయిన నెల దశరథం సార్ ఎనిమిదో తరగతిలో పదకొండు మంది పేర్లు నా ముందు పెట్టాడు. "వీళ్లు టెన్త్ దాంక వస్తె మన వంద శాతం రిజల్టు పోతది. తెలివి పరీక్ష పెట్టి, స్పెషల్ స్కూలు కావాలని రాసియ్యి. తల్లిదండ్రులే టీసీ అడుగుతరు."

పరీక్ష కాగితం ఎక్కడి నుంచో దించిన ఇంగ్లిషు జిరాక్స్. నేను తెలుగులో చదివి అడిగాను. పిల్లకు పావుగంట చొప్పున రెండు రోజుల్లో ముగించాను. ఫారం కింద రిజిస్ట్రేషన్ నంబర్ అని ఒక గడి ఉంది. ఆ నంబరు నిజంగా చదువుకుని, ఆసుపత్రుల్లో పెద్దవాళ్ల కింద ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లకు కౌన్సిల్ ఇస్తుంది. నాకు ఎక్కడిది? "ఖాళీగుంటె మంచిగుండది, ఏదన్న ఒక నంబరు వెయ్యమ్మా," అన్నాడు సార్. నా హాల్ టికెట్ నంబరు వేశాను. పదకొండు సార్లు వేశాను. సోమవారం టీసీలు ఇస్తారు.

ప్రేమ్ డ్రిల్ ఆన్ చేసేలోపే గేటు అవతల ఒక ముసలామె వచ్చి నిలబడింది. పక్కన నీలం గౌను పిల్ల. ఆ పిల్లను గుర్తుపట్టాను. పదకొండు మందిలో నాలుగో పేరు, శృతి. నేనడిగిన ఏ ప్రశ్నకూ సరిగ్గా బదులివ్వక గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న పిల్ల. తెలివి అరవై రెండు, అంటే మందబుద్ధి, అని రాశాను.

"నేను హన్మవ్వనమ్మా, గీ పిల్ల నాయినమ్మను. కందకుర్తి నుంచి మొదటి బస్సుకొచ్చినం." ప్లాస్టిక్ కవర్లోంచి నా రిపోర్టు తీసింది. "మా ఊరి ఆర్‌ఎంపీ సదివి, పిల్ల తలకాయ ఎదగలేదన్నడు. గోలీలేమన్న ఉంటె రాసియ్యి మేడమమ్మా. గిది మా చేన్ల పసుపు." పొట్లం అరుగు మీద పెట్టి, వంగి నా కాళ్లు ముట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. నా కాళ్లను చూస్తే నాకే రోతగా అనిపించింది.

"లేవవ్వా, లోపలికి రా. శాయ తాగుదువు," అని అత్తమ్మ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టింది. పిల్లతో తెలుగులో రెండు మాటలు మాట్లాడింది. పిల్ల తల ఊపి ఊరుకుంది. కందకుర్తి మహారాష్ట్ర అంచు ఊరని గుర్తొచ్చిందేమో, మా అత్తమ్మ సరిహద్దు అవతలి తన పుట్టిల్లు ధర్మాబాద్ మాటలోకి మారింది. "తుఝ నావ్ కాయ్ గ?" అని పేరడిగింది.

శృతి చటుక్కున తలెత్తింది. ఇక ఆ ఇద్దరూ మరాఠీలో మొదలుపెట్టారు. పిల్ల చేతులు తిప్పుతూ చెబుతోంది, అత్తమ్మ విరగబడి నవ్వుతోంది. "పొద్దుగాల్ల నాలుగు లీటర్లు, మాపటీలి మూడు ఇచ్చే బర్రె వారానికి ఎంతిస్తది?" అని అత్తమ్మ అడిగి, తను వేళ్లు మడవడం మొదలుపెట్టేలోపే పిల్ల చెప్పేసింది.

"నలభై తొమ్మిది అంటున్నదిరా. ఔనా?"

ప్రేమ్ ఫోన్ తీసి చూసి తలూపాడు.

"గీ పిల్లకేమైంది వినీతా? దగదగ ఉన్నది గదా!" అంది అత్తమ్మ.

"ఇంతకుముందు ఏ బడి?" అని హన్మవ్వను అడిగాను. మొదటి రోజే, మొట్టమొదట అడగాల్సిన మాట.

"ధర్మాబాద్ల మరాఠి బడమ్మా. వాళ్ల నాయిన ఆడ రైసుమిల్లుల పనిచేసేటోడు. ఏడు దాంక ఆడ్నే, ఫస్టొచ్చేది. ఇంట్ల తెలుగు జర జర మాట్లాడ్తది గని పుస్తకం తెలుగు తెల్వది."

ఫారంలో మాతృభాష గడి ఉంది. పదకొండింటిలోనూ ఆఫీసు వాళ్లే తెలుగు అని టైపు చేసి ఇచ్చారు. నేను దాని కింద నుంచి రాసుకుంటూ పోయాను.

"ఈ కాగితం తప్పు. నేనే తప్పు రాసిన," అన్నాను.

హన్మవ్వ వెటకారం చేయలేదు. నమ్మలేనట్టు నా మొహం చూసింది. "గంత సదువు సదివినోళ్లు తప్పెట్ల రాస్తరు బిడ్డా?"

అప్పటిదాకా లోపల ఫోన్లో ఉన్న సాయి బయటికి వచ్చాడు. "మళ్ల పరీక్ష పెడ్తరు అవ్వా, గాబరా పడకు. బస్సు పోతది," అని వాళ్లను గేటు దాటించి వచ్చాడు. వచ్చీ రాగానే నా మీద పడ్డాడు.

"ముసలామె ముంగట గట్లంటరా వదినా? రేపు ఎవడన్న అర్జీ పెడితె నీ ఒక్కదానిదే చూస్తరా? గీ జిల్లాల నా చేతుల మీద డిగ్రీ తెచ్చుకున్నోళ్లు నలభై మంది ఉన్నరు. డైటీషియన్ అని, స్పీచ్ థెరపీ అని, కౌన్సెలింగ్ అని. అందరివి తవ్వుతరు."

నలభై మంది. ఒక్కొక్కరి ముందు ఎంతమంది పిల్లలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారో!

"పిల్ల సర్కారు బడికి పోతది, గంతే గదా," అన్నాడు ప్రేమ్. "సదువేమన్న ఆగుతదా?"

"తలకాయ ఎదగలేదన్న కాయితం పట్కొని పోతది. నువ్వైతె పోతవా?" అన్నాను.

ప్రేమ్ డ్రిల్ మిషన్ వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం అందరం అన్నాలకు కూర్చున్నాం. మామ ఒక ఖండసారి చక్కెర మిల్లులో ఇరవై ఆరేళ్లు చెరుకు బండ్లకు తరుగు రాశాడు, అంటే ఆకూ మట్టీ పేరున తూకంలో ఎంత కోయాలో ఆయనే రాసేవాడు. ఆయన వైపు తిరిగి అడిగాను. "మామా, చెరుకు చూడకుంట ఎన్నడన్న తరుగు రాసిండ్రా?"

రాయలేదు అంటాడనుకున్నాను.

"ఎప్పటికీ చూడకుంటనే రాసిన బిడ్డా," అన్నాడు మామ, ముక్క నములుతూ, గర్వంగా. "బండి దింపితె పొద్దుగూకుతది. రైతు మొహం చూసి రాసేది. ఎవడు చచ్చిండు? తిను, సల్లారుతది."

సాయి కిసుక్కున నవ్వాడు. ప్రేమ్ కూడా నవ్వాడు. సముద్రం కేసు చదివిన రోజు మా ఇంట్లో వినిపించిన నవ్వే అది. ఆ రోజు అందులో నా గొంతూ ఉంది. పళ్లెంలో కూర మీద తేలిన నూనె చూస్తే భోజనాల గదిలోని ఆ బల్ల గుర్తొచ్చి, కలిపిన ముద్ద కింద పెట్టాను.

"దశరథం సార్ ఫోన్ చేసిండు," అన్నాడు సాయి. "వచ్చే యేడు నుంచి ఇంకో రెండు స్కూళ్లు గుడ నీకే ఇస్తరట వదినా."

నేను చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ వాళ్ల మధ్యే కూర్చున్నాను. మాట్లాడేటప్పుడు గొంతు పెంచలేదు.

"రేపు టీసీలియ్యక ముందే స్కూలుకు పోత. పదకొండు రిపోర్టులు చెల్లవని, పరీక్ష పెట్టే అర్హత నాకు లేదని సంతకం పెట్టి ఇస్త. గదే కాయితం పదకొండు ఇండ్లకు నేనే తీస్కపోయి ఇస్త, కందకుర్తికి ముందు పోత. గా నౌకరి ఇడిచిపెడుతున్న. గా డిగ్రీ ఇగ ఏడ చూపియ్య. ఎంట్రెన్స్ రాసి, సీటొస్తె క్లాసుల కూసొని మొదటికెళ్లి సదువుత. రాకుంటె రెండో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్త. సాయీ, మీ నలభై మంది సంగతి నన్నెవరన్న అడిగితె, నేను అబద్ధమైతె చెప్ప."