కదిరప్పకు వదిలిన ఖాళీ

ఆదివారం పొద్దున సంగటి ఉడికే వేళకు ప్రేమ ఫోను తెచ్చి ఉప్పు డబ్బాకు ఆనించి పెడుతుంది. అత్త అక్కమ్మ పక్కన పీట వేసుకుని అనపకాయలు ఒలుస్తూ కూర్చుంటుంది. ఓసూరులో, చుట్టుపక్కల పల్లెల్లో, బెంగళూరు బస్సుల్లో వేలాడే తెలుగువాళ్ళ చెవుల్లో సరిగ్గా అప్పుడే 'మూడు ముక్కలు' మొదలవుతుంది. మొదట కథ ముక్క, తర్వాత ఊరి ముక్క, చివర మనసు ముక్క. అంటే ఏదో ఒక కథ మీద వాదించుకోవడం, ఆ వారం జరిగిన సంగతుల మీద వాదించుకోవడం, ఆపైన కొంచెం చల్లబడి ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు చెప్పుకోవడం. దీన్ని పాడ్‌కాస్ట్ అంటారని కొడుకు ఎంత చెప్పినా అక్కమ్మకు నోరు తిరగలేదు. ఆమెకది పాడుకాస్టు.

మాట్లాడేది ఇద్దరు. ఒకడు తిలక్, ఓసూరు బస్టాండు వెనక ఫోన్లు బాగుచేసే అంగడివాడు. రెండోవాడు ప్రేమ మొగుడు కదిరప్ప, కెలవరపల్లి పక్కన టమాటా, క్యాప్సికం పండించే రైతు. ఈ కదిరప్ప పోయిన వానాకాలంలో తోటకు మందు కొడుతూ కొడుతూ గుండె పట్టుకుని కూలబడి, ఆస్పత్రికి చేరేలోపలే చనిపోయాడు.

దినాలయ్యాక తిలక్ ఒక్కడే మైకు ముందు కూర్చున్నాడు. అలవాటు చొప్పున ఒక మాట అనేవాడు, కదిరన్న జవాబు చెప్పేంతసేపు ఆగేవాడు, మళ్ళీ అందుకునేవాడు. రికార్డు చేసేటప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తీరా వేసి వింటే, తాను ఆగిన ప్రతి చోటా కదిరప్ప గొంతు ఉంది. జలుబు చేసినట్టు కొంచెం బొంగురుగా ఉన్నా అదే గొంతు, మాటకు ముందు అదే దగ్గు. వినేవాళ్ళు కూడా ఎప్పటిలాగే కింద రాశారు. 'రింగురోడ్డు సంగతి కదిరన్న సరిగ్గా చెప్పినాడు' అని ఒకరు, 'కథలోకి వచ్చేలోపల కదిరన్న ఊరంతా తిప్పుతాడు, కొంచెం తగ్గించుకోవల్ల' అని ఇంకొకరు. పోయినవాడు ఎట్లా మాట్లాడుతున్నాడని ఎవరూ అడగలేదు. తిలక్ చేసిందల్లా, ఖాళీలను కత్తిరించే అలవాటు మానుకోవడమే.

అక్కమ్మకు ఆ గొంతు చాలు. "వాడు ఏమన్నా చెప్పుకోనీ, నాకేమి అర్థమవుతుందా పాడా. దగ్గు వినిపిస్తే చాలు" అంటుంది, అనపగింజ తీసి గిన్నెలో వేస్తూ.

ప్రేమకు చాలలేదు. చాలకపోవడమే ఆమె బాధ.

మైకు ముందు వరద వచ్చినట్టు మాట్లాడే మనిషి, ఇంట్లో మాత్రం 'మే' అనేవాడు. మే అంటే నీళ్ళు. మే అంటే అన్నం. మే అంటే లైటు ఆర్పు, నాకు నిద్ర వస్తోంది. ఏ 'మే' ఏదో ఆమే పోల్చుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఒకటీ అరా పొరపాట్లు జరిగాయి గానీ, తర్వాత ఆమెకు చేయి తిరిగింది. ఆమె పేరు ఆయన నోట ఒక్కసారీ రాలేదు. ఆయన పేరు ఆమె ఎత్తకూడదు, అది వాళ్ళలో మామూలే. కొట్టింది లేదు, తిట్టింది లేదు, తాగింది లేదు. సాయంత్రమైతే పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని పడుకునేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను పెట్టి పుట్టావన్నారు. ఆమె కూడా కాదనలేదు. వారమంతా పక్కన పడుకున్న మనిషి మనసులో ఏముందో ఆదివారం ఫోనులో విని తెలుసుకునేది. వాళ్ళ తాత గురించి, చిన్నప్పుడు చచ్చిపోయిన కుక్క గురించి, ఈదర గాలికి రాలిపోయిన మామిడి పూత గురించి ఎంత మెత్తగా చెప్పేవాడో! ఆ మెత్తదనంలో తనకొక ముక్క ఉంటుందని ప్రతి ఆదివారం కాచుకుని కూర్చునేది. ఆయన పోయిన తర్వాత కూడా కాచుకునే ఉంది.

బర్గూరు పక్క పోచంపల్లి నుంచి ప్రేమ అన్న శ్రీనివాసప్ప వచ్చాడు. బర్గూరులో కాలిన మోటార్లకు తీగ చుట్టే పునీత్ అనే ఆయన ఉన్నాడట. భార్య పోయిందట. నిదానస్తుడట.

"నీకు పిల్లాజెల్లా లేరు. వయసుండాది. ఈడ ఎన్నాళ్ళని కూర్చుంటావమ్మా?" అన్నాడు.

"ఆయన ఇంకా మాట్లాడతానే ఉండాడు కదన్నా."

"నీతోనా?"

ప్రేమ, "ఒక్క మాట చెప్పనీ అన్నా. నా గురించి ఒకే ఒక్క మాట. చెప్పినాడంటే బతికినన్నాళ్ళూ ఈ ఇంట్లోనే ఉంటాను, ఇంక నన్ను పిలవద్దు. చెప్పలేదంటే అప్పుడు చూస్తాం" అంది.

శ్రీనివాసప్పకు కోపం వచ్చినా, అక్కమ్మ ఎదురుగా ఉండడంతో కాఫీ తాగి గమ్మున వెళ్ళిపోయాడు.

ప్రేమ ఓసూరు వెళ్ళి, తన గురించి ఒక మాట చెప్పించమని తిలక్‌ను అడిగింది. ఆ శనివారం రికార్డింగులో తిలక్ మనసు ముక్క దగ్గర, "కదిరన్నా, ఈసారి ఇంటి గురించి ఏమన్నా చెప్పు" అని, బాగా పొడుగ్గా ఖాళీ వదిలాడు. ఆదివారం ప్రేమ సంగటి కట్టె పట్టుకుని కలపడం మరిచిపోయి నిలబడింది.

"ఇల్లు అంటివా?" అన్నాడు కదిరప్ప, దగ్గి. "ఇల్లు కురుస్తా ఉండాదప్పా. పడమటి పక్క పెంకులు మార్చల్ల." అక్కడి నుంచి కథల్లో ఇళ్ళు ఎట్లా కూలిపోతాయో ఎత్తుకుని, తిలక్ వదిలిన ఖాళీ అంతా వాడేసుకున్నాడు.

మరుసటి వారం తిలక్ డొంకతిరుగుడు మానేసి, "వదిన గురించి చెప్పన్నా" అని నేరుగా అడిగాడు. జవాబుగా వినిపించింది ఇది:

"ఏమప్పా తిలకూ, తలకాయుందా నీకు? ఇంట్లో ఆడోళ్ళ గురించి మైకులో మాట్లాడేది మర్యాదస్తుల పనేనా?"

అక్కమ్మ తల ఊపింది. "నా కొడుకు మర్యాదస్తుడు" అంది. ప్రేమ పొయ్యి ఆర్పేసి పెరట్లోకి పోయింది. ఇంత మర్యాద ఆమెకు వద్దు. మర్యాద కోసం మనిషిని ఇట్లా పూర్తిగా కప్పేస్తారా అని ఏడుపొచ్చింది. ఆయన రమ్మనడు, తానే వెళ్ళి ఎదురుగా కూర్చుంటే సరి అనుకుంది.

శనివారం తిలక్ అంగడి పైగదిలో ఆమెకు కుర్చీ వేశాడు. "నువ్వెవరో మొదట్లోనే చెప్పేస్తాను వదినా" అన్నాడు.

"చెప్పద్దు. పేరు గీరు ఏమీ వద్దు. గొంతు విని తెలుసుకోనీ."

పంతం కొద్దీ అన్న మాట కాదది. అన్నేళ్ళు ఒక కప్పు కింద ఉన్నవాళ్ళు, గొంతు పోల్చుకోవడం కూడా ఒక పనేనా అని ఆమె ధైర్యం.

ఆ వారం కథలో ఒకడు సంతకు పోయొస్తానని చెప్పి వెళ్ళి, తల నెరిశాక తిరిగొస్తాడు. పెళ్ళాం ఏమీ అడగకుండా కాళ్ళకు నీళ్ళిస్తుంది. ఆ ఓర్పు మీద తిలక్ నాలుగు మంచి మాటలు చెప్పాడు. ప్రేమ ఆ కథను మొగుడి పుస్తకాల్లోంచే తీసి చదివింది. తెలుగు బడిలో చదువుకున్న పిల్ల అని ఆయనకు తెలుసో లేదో మరి.

"అది ఓర్పు కాదప్పా" అంది మైకులో. "అడిగినా చెప్పడని ఆమెకు తెలుసు. పోకముందు మాత్రం ఏమి చెప్పినాడని, వచ్చినాక చెప్పేదానికి? ఆయన యాడికి పోయినాడో ఎవురన్నా అడుగుతారు. ఈమె ఇన్నేండ్లు యాడుండిందో ఎవురూ అడగరు."

తిలక్ ఖాళీ వదిలాడు. ఫ్యాను తిరిగింది. ప్రేమ ఆ ఖాళీ గాలికేసి చూస్తూ, పెళ్ళిచూపుల్లో కూడా పడనంత సిగ్గు పడింది.

ఇద్దరూ అక్కడే వేసి విన్నారు. ఆమె మాట అయిపోయిన చోట దగ్గు వినిపించింది. తర్వాత, "అబ్బబ్బా!" అన్నాడు కదిరప్ప. ఆయన గొంతులో అంత సంతోషం ఆమె ఎప్పుడూ వినలేదు. "తిలకూ, ఎవురప్పా ఈమె? ఎంత మాట చెప్పింది! అమ్మా, ఇన్నాళ్ళు మీరు యాడుంటిరి? మీలాంటోళ్ళు ఒకరు పక్కనుంటే నేను నాలుగు కథలు ఎక్కువ చదివుందును గదమ్మా. మీది ఏ ఊరు? మీ ఇంటాయన ఏమి చేస్తా ఉండాడు?"

తిలక్ తల దించుకున్నాడు. ప్రేమ మొదట నవ్వింది. తనను ఆయన 'మీరు' అన్నాడు, అమ్మా అన్నాడు, ఎంత మాట చెప్పింది అన్నాడు. ఆ సంతోషం మెట్లు దిగేవరకు ఉంది. బస్సులో కూర్చున్నాక, ఆయన తనను పోల్చుకోలేదన్న సంగతి బోధపడింది. ఆయనకు తెలిసిన గొంతు 'అన్నం పెట్టేదా' అని అడిగే గొంతు. ఇంతింత పొడుగు మాటలు చెప్పే గొంతును ఆయన ముందెన్నడూ విని ఉంటే కదా, పోల్చుకోవడానికి!

వినేవాళ్ళకు ఆమె తెగ నచ్చింది. ఆ అమ్మ మళ్ళీ రావల్ల అని రాశారు. అక్కమ్మ మాత్రం ఆ ఆదివారం కాయలన్నీ అయిపోయినా ఉత్త పొట్టునే ఒలుస్తూ కూర్చుంది.

మళ్ళీ శనివారం. "ఈసారన్నా చెప్పేయొదినా" అని తిలక్ బతిమాలాడు. "కదిరప్ప పెండ్లాన్ని అను. అయిపోతుంది."

ప్రేమ నోరు తెరిచింది. ఆ పేరు నాలుక మీదికి రాలేదు. ఎత్తకూడని పేరు, ఎన్నడూ ఎత్తని పేరు. పోనీ 'నేను ప్రేమను' అందామా అంటే, ఆ పేరును ఆయన పిలిచిందే లేదు. 'మే అంటావే, ఆ మనిషిని' అని చెప్పుకోవాలా? అంత చెప్పి గుర్తు తెచ్చుకోవలసిన మనిషికి గుర్తొస్తే ఎంత, రాకపోతే ఎంత!

మైకులో, "మా ఇంటాయన లేడు. చనిపోయినాడు" అంది. తిలక్ ఖాళీ వదిలాడు.

వేసి వింటే కదిరప్ప గొంతు నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో, తెలీక అడిగినానమ్మా, ఏమీ అనుకోవద్దు. చిన్న వయసులోనే ఇట్ల కావల్లనా!" అని కాసేపు ఆగాడు. తోటివాళ్ళ కష్టం వింటే ఆయన అట్లాగే ఆగేవాడు. ఆ పద్ధతి ఫోనులో ఎన్నోసార్లు వింది ఆమె. తర్వాత మెల్లగా, "మంచోడేనామ్మా?" అని అడిగాడు.

చనిపోయిన మొగుడు తన చావుకు తానే పరామర్శ చేస్తుంటే, ఆమెకు ఆ వేళప్పుడు కళ్ళలో నీళ్ళు రాలేదు. ఇంత దయ ఈయనలో ఉండింది. ఊరందరికీ పంచాడు. ఇంటి గడప లోపలికి మాత్రం తేలేకపోయాడు. "ఇప్పుడే జవాబు చెప్తాను, పెట్టప్పా" అంది తిలక్‌తో. తిలక్ మళ్ళీ రికార్డు నొక్కాడు.

ప్రేమ మైకు దగ్గరికి జరిగింది.

"తెలీదన్నా" అంది. "మేము మాట్లాడుకోలేదు."

తిలక్ చేయి అక్కడే ఆగిపోయింది. ఎదుటివాడు అమ్మా అంటే ఇవతలివాళ్ళు అన్నా అంటారు, ఓసూరు బస్టాండులో రోజంతా వినబడే మాటే. కానీ ఏ ఆడదీ తన మొగుణ్ణి ఆ మాట అనదు. పొరపాటున కూడా అనదు.

"నోరు జారిందా వదినా? ఆ మాట తీసేసేదా?" అన్నాడు.

"ఉండనీ" అంది ప్రేమ.

ఆ తర్వాత వదిలిన ఖాళీలో కదిరప్ప గొంతు లేదు, దగ్గు లేదు. ఇన్నాళ్ళూ ఎవరు ఎంత చోటిచ్చినా నింపేసిన మనిషి, ఆ చోటును అట్లాగే వదిలేశాడు.

ఆదివారం పొద్దున అక్కమ్మ అంతా వింది. చివరి ఖాళీ కూడా దాని పొడుగంతా వింది. కొడుకు ఇంక రాడని ఆ తల్లికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఫోను పక్కకు జరిపి, "అన్నా అంటివి" అంది.

"అన్నాను అత్తా" అంది ప్రేమ. తిడుతుందని, కొడుతుందని, ఏం చేసినా పడదామని ఎదురుగా కూర్చుంది.

"ఇంకేమి అత్త? వాడు నీకు అన్నయితే నేను నీకు ఏమవుతాను, చెప్పు."

ప్రేమకు ఆ లెక్క తోచనే లేదు. తోచగానే, మొగుడు పోయిన రోజు కూడా రాని ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్క మాట చెప్తే ఉండిపోదామనుకుంది. ఉండాలనే అనుకుంది, పోవాలని కాదు. అక్కమ్మ కూడా ఏడ్చింది. కొడుకు చచ్చిన ఇంట్లో, కొడుకు గొంతు కూడా చచ్చిన ఇంట్లో, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పొయ్యి మీద సంగటి మాడిపోయేదాకా ఏడ్చారు.

తర్వాత అక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "కూతుర్ని ఇంట్లో పెట్టుకుని కూర్చుంటే జనం నన్నే అంటారు. మీ అన్నకు ఫోను కలుపు" అంది. ప్రేమ కలిపింది. అవతల శ్రీనివాసప్ప హలో అనగానే అక్కమ్మే ఫోను లాక్కుంది.

"అప్పా శ్రీనివాసప్పా, నేను అక్కమ్మని. ఆ బర్గూరాయనను రమ్మనప్పా. పిల్లను మా ఇంట్లోనే చూపిస్తాము."