కందికొత్తల పేజీ

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. పసిపిల్లలకు పండుగలు చెప్పడం నా పని. పై వరుసలో తెలుగు, కింది వరుసలో సవర మాట. అక్షరాలు రెండు చోట్లా బాగానే కుదిరాయి. చిక్కంతా బొమ్మతోనే వచ్చింది.

పుట్టింది పట్నంలో. కొత్త కందిపంటను ముందు దేవుడికి పెట్టే కందికొత్తల పండుగ పేజీకి బొమ్మ వేసినాయన కొండెక్కి ఎరగడు. పేజీ బోసిగా ఉందని, చేలో నిలబడి పచ్చి కందికాయలు ఒలుచుకు తింటున్న పాపను వేశాడు. ఆ తర్వాతి పేజీలో పూజ. చూసినవాళ్లంతా “ఎంత ముద్దుగా ఉందో!” అని మురిసిపోయారు. పూజ కాకముందు కొత్త కందిగింజ నోట పెట్టకూడదని చెప్పగల మనిషికి మాత్రం ఎవరూ నన్ను చూపించలేదు. మనుషులకు తొందరెక్కువ.

అలా శ్రీకాకుళం కొండల్లో ఒక సవర గూడెం అంగన్‌వాడీకి చేరాను. భూలక్ష్మి టీచరు కింది ఊరి మనిషి, పిల్లలంటే ప్రాణం. అయిదేళ్ల సింగారి ఆ పేజీ వదిలేది కాదు. ఒకనాడు టీచరు నన్ను ఆ పిల్ల చేతికిచ్చి ఇంటికి పంపింది. దారిలో చేను. సింగారి నన్ను గట్టున పెట్టి, అచ్చం నా పాపలాగే కాయలు ఒలుచుకు తింది. నా చదువు వంటబట్టిందని పొంగిపోయాను. సిగ్గులేనిదాన్ని.

ఆ వారమే నానమ్మ ఎండమ్మకు జ్వరం తగిలింది. “ఎవులో పూజకి ముందే కొత్త తినేసినారు” అంది చూడవచ్చిన ఇరుగమ్మ. సింగారి విన్నది. ఎవరితోనూ చెప్పలేదు.

జ్వరం తగ్గింది, పండుగ వచ్చింది. అందరూ ఉడికిన కందులు తింటుంటే ఆ పిల్ల దొప్ప ముట్టలేదు. నానమ్మ బుజ్జగించేసరికి భోరుమంది. నన్ను తెచ్చి పేజీ తెరిచింది.

“ఈ పాప తింది. నేనూ తినేసినాను. నీకు జొరం నావల్లే ఒచ్చింది, మామ్మా.”

రెండు భాషలు వచ్చినదాన్ని, ఒక్క మాట పలకలేకపోయాను. నా పాపం ఆ పసిదాని నెత్తిన పడింది.

ఎండమ్మకు చదువు రాదు, బొమ్మకు చదువు అక్కర్లేదు. ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో నన్ను పట్టుకుని పూజారి దగ్గరికి నడిచింది. సంగతి తెలిసి టీచరు పరుగున వచ్చింది. “ముందుగా మిమ్మల్ని ఒక్కమాట అడగనేదు, మామ్మా” అని తలదించుకుంది.

“తప్పు నేర్పినోలే దేవుడి ముందు కూకోవాల. పిల్ల కాదు, ఇది కూకుంటాది” అంటూ ఎండమ్మ నన్ను నేలమీద పెట్టింది. పూజారి నామీద పసుపునీళ్లు చల్లాడు.

“దాన్ని వొగ్గీసినారా?” అడిగింది సింగారి.

“వొగ్గీసినాం” అన్నాడు పూజారి.

“మరి నన్ను?”

“నీ తప్పే నేదే, బంగారం” అంటూ నానమ్మ కందుల దొప్ప చేతికిచ్చింది.

అప్పుడు తింది. దొప్ప ఖాళీ చేసి మళ్లీ పెట్టమంది.

అలా వొగ్గేసి నా తప్పు మన్నించారు. అయినా నాకు మనసు కుదుటపడలేదు. నాతోపాటు అచ్చయిన తోబుట్టువులు కట్టలు కట్టలుగా లారీలెక్కి కొండలన్నిటికీ వెళ్లాయి. ఏ గూడెంలో ఏ పసిపిల్ల నోరు మూసుకుని కూర్చుందో, ఆ పిల్లకు అడిగే నానమ్మ ఉందో లేదో.