మాటల కాపలా

మధ్యాహ్నం రెండు దాటింది. ఆమె వంటింటి గచ్చు మీద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తూ, చెవిలో ఫోను పెట్టుకుని మొగుడితో పోట్లాడుతోంది. నాలుగేళ్ళ కింద ఆడపడుచు పట్టుకుపోయిన దుప్పటి గురించి ఆ పోట్లాట. నిజానికి ఆ దుప్పటి ఎవరూ పట్టుకుపోలేదు, ఈమే మడత పెట్టి ఇచ్చింది. అయినా గొంతులో కోపం తెచ్చుకుని, "మీవాళ్ళు ఏం చేసినా మీకు కనపడదు, నేను చేస్తేనే కనపడుతుంది" అంది. అవతలి నుంచి, లారీ ఇంజను హోరులోంచి, "మళ్ళీ మొదలెట్టావా?" అని విసుగ్గా వినిపించింది. ఆ విసుగు వినగానే ఆమెకు ప్రాణం కుదుటపడింది. విసుక్కుంటున్నాడంటే మెలకువగా ఉన్నాడు.

ముందు గదిలో అత్తగారు పక్కింటావిడతో చెబుతున్నారు. వాడు అంత దూరాన బండి తోలుతుంటే ఇది ఇంట్లో కూర్చుని వాణ్ణి కాల్చుకు తింటోందని. ఆమె ఇంకో దుంప అందుకుంది.

రెండేళ్ళ కిందటి దాకా ఆ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండేవాళ్ళు. ఒకడు తోలుతుంటే ఒకడు వెనక సీటు మీద నడుం వాల్చేవాడు. ఖర్చు ఎక్కువవుతోందని కంపెనీ రెండోవాణ్ణి తీసేసింది. దూరం మాత్రం తగ్గలేదు. జీతం కూడా చక్రం తిరిగిన దూరానికే. గోదాము గేటు బయట సరుకు దింపడానికి పది గంటలు నిలబడితే అది పని కిందికి రాదు. పోనీ అక్కడ పడుకుందామా అంటే, అరగంటకోసారి వరస ముందుకు జరుగుతుంది, బండి జరపకపోతే వెనకవాడు దూరిపోతాడు. ఒంటికి రెంటికి కూడా గేటు లోపలికి రానివ్వరు. అలా పది గంటలు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని, మళ్ళీ సరుకు ఎక్కించుకుని, ఆలస్యమైతే కోత పడుతుందని వెంటనే బయలుదేరాలి. అన్నం తిన్నాక, ఎండ అద్దంలోంచి మొహం మీద పడే వేళకి రెప్పలు వాలిపోతాయి. అప్పుడు ఇంటికి ఫోను చేస్తాడు. "ఏదో ఒకటి మాట్లాడు" అంటాడు.

మొదట్లో ఇంటి సంగతులు చెప్పేది. అవి ఎన్నని ఉంటాయి? రెండు నెలలకు అయిపోయాయి. తర్వాత తన సంగతులు తవ్వుకుంది. చిన్నప్పుడు లెక్కల్లో క్లాసుకి ఫస్టు రావడం, పెళ్ళికి ముందు బ్యాంకులో ఉద్యోగం వస్తే వద్దని రాసిచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడవడం. ఆ ఏడుపు సంగతి పుట్టింటివాళ్ళకు కూడా తెలియదు. పదకొండేళ్ళ కాపురంలో మొదటిసారి నోరు విప్పి చెబుతుంటే అటునుంచి గురకలాంటి చప్పుడు వచ్చింది. గుండె జారిపోయి, నోటికొచ్చిన తిట్టు తిట్టింది. వాళ్ళ నాన్ననీ కలిపి తిట్టింది. అతను ఉలిక్కిపడి లేచాడు. ఆ రోజు తెలిసింది, తన బతుకు కథ అతన్ని నిద్రపుచ్చుతుంది, తన గయ్యాళితనం మేలుకొలుపుతుంది అని. అప్పటినుంచి రోజుకో తగువు వెతుక్కుంటోంది. పొద్దున లేవగానే కూరేం వండాలి అనుకున్నట్టే, ఇవాళ దేనికి పోట్లాడాలి అనుకుంటుంది.

ఆ మూడు నాలుగు గంటలూ కుట్టు మిషను తొక్కడానికి లేదు. మిషను చప్పుడులో అతని మౌనం వినపడదు. అందుకని స్కూలు యూనిఫారాలు కుట్టే పని తెల్లవారుజాముకి జరిగింది. ఆమె నిద్ర కూడా ఆ లారీకే పోతోంది.

ఒకసారి చుట్టాలింట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు అతనే అన్నాడు, "వెయ్యి కిలోమీటర్ల అవతలున్నా మా ఆవిడ నోరు నన్ను వదలదు" అని. అందరూ నవ్వారు. మంచినీళ్ళు పోస్తూ ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక, నిజం చెప్పచ్చుగా అని అడిగితే, డ్రైవరుకి నిద్ర ఆగడం లేదని తెలిస్తే ఇంకెవడైనా బండి ఇస్తాడా అన్నాడు. అదీ నిజమే. ఉద్యోగం నిలబడాలంటే ఆమె గయ్యాళి కావాలి.

ఈవేళ దుప్పటి గొడవ మధ్యలో అతని "ఊ" ఆగిపోయింది.

ఆమె కత్తిపీట పక్కకు తోసింది. "ఏమండీ" అంది. ఇంజను హోరు. "ఏమండీ, వింటున్నారా?" హోరు. ఆ తర్వాత టకటకమని ఒక చప్పుడు, రోడ్డు అంచున వేసే గరుకు గీతల మీద చక్రాలు ఎక్కిన చప్పుడు. అదేమిటో ఎప్పుడో అతనే చెప్పాడు. ఆమె లేచి నిలబడి, ఊపిరంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. ఏమని అరిచిందో తనకే తెలియదు. అత్తగారు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు. ఫోనులో ఎవరిదో పెద్ద హారను మోగింది, చాలా దగ్గరగా, చాలాసేపు. తర్వాత అతని ఊపిరి.

"ఏంటి, ఎందుకలా అరుస్తున్నావు?"

"నిద్రపోయారు."

"లేదు. రోడ్డు బాగాలేదు. ఇంకా ఎనిమిది గంటల దారి ఉంది. నువ్వు మాట్లాడుతూ ఉండు, చాలు."

ఆమె గోడకు ఆనుకుంది. నువ్వు మాట్లాడుతూ ఉండు, చాలు. రెండేళ్ళుగా తన మాటలే అతన్ని బతికిస్తున్నాయనుకుంది. కానీ ఈ మాటలు లేకపోతే అతను బండి ఆపేవాడు కదా? ఎక్కడో చెట్టు నీడన ఆపి పడుకునేవాడు, కోత పడితే పడేది. తను మాట్లాడుతోంది కాబట్టే నిద్రపోవలసిన మనిషి బండి తోలుతున్నాడు. కంపెనీ తీసేసిన డ్రైవరు సీట్లో, జీతం లేకుండా, ఈ వంటింట్లోంచి తనే కూర్చుంది.

"నేను మాట్లాడను. పక్కకు ఆపి పడుకోండి" అంది.

"పిచ్చి వేషాలెయ్యకు. సరుకు ఈ రాత్రికల్లా చేరకపోతే..."

ఆమె ఫోను పెట్టేసింది.

మళ్ళీ మోగింది. ఎత్తలేదు. ఆరుసార్లు మోగింది. ఎత్తవేమే, మొగుడి ఫోనే అది అని అత్తగారు చెయ్యి చాచితే, ఫోను గుండెకు అదుముకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఏడోసారి మోగలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఆపి పడుకున్నాడా, పంతానికి పోయి తోలుతున్నాడా? ఏదైనా జరిగితే రేపు అందరూ ఏమంటారో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. పెళ్ళాం ఫోను పెట్టేసింది, అందుకే, అంటారు. గేటు బయట పది గంటల సంగతి ఒక్కరూ ఎత్తరు. రెండుసార్లు నంబరు నొక్కబోయి, వేలు వెనక్కి తీసుకుంది. పడుకునుంటే లేపినట్టవుతుంది. పడుకోకపోతే... చన్నీళ్ళతో మొహం కడుక్కుంది.

గంటంబావు గడిచాక ఫోను మోగింది. అతను కాదు, ఆఫీసులో కూర్చుని బండ్లు ఎక్కడున్నాయో కంప్యూటర్లో చూసే సూపర్‌వైజరు.

"మీ ఆయన బండి గంటనించీ కదలట్లేదమ్మా. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు."

"ఎక్కడ ఆగింది? రోడ్డు మీదా?"

"పెట్రోలు బంకులో. బంకువాళ్ళకి చేశాను. లోపల కాళ్ళు చాపుకుని పడుకున్నాడట, అద్దం కొట్టినా లేవట్లేదట. మీరు చేస్తే లేస్తాడేమో, చెయ్యండి."

ఆమె నీళ్ళ తొట్టి అంచు మీద కూర్చుండిపోయింది. కన్నీళ్ళు వాటంతటవే కారాయి గానీ గొంతు మాత్రం నిలకడగానే వచ్చింది.

"లేపనండి. రెండు రోజులనించీ నిద్రలేదు ఆయనకి."

"ఇట్లాగైతే ట్రిప్పులివ్వడం కష్టమమ్మా."

"మీ బండికి మీరు ఇంకో మనిషిని పెట్టుకోండి" అంది.

మూడో రోజు అతను ఇంటికొచ్చాడు. కోత పడింది. పైగా వారం రోజులు బండి ఇచ్చేది లేదన్నారు. ఆమెతో మాట్లాడలేదు. తల్లి అన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంటే తల వంచుకుని అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, ఎవరితోనో అన్నట్టు, "అద్దం కొట్టారట. నాకు తెలియనే తెలియలేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలోకి వచ్చిన భయం ఆమె మొదటిసారి చూసింది. అది రెండేళ్ళుగా తను ఒక్కతే మోసిన భయం.

మర్నాడు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అదే కంపెనీలో ఇంకో డ్రైవరు భార్యట. ఎప్పుడూ చూసింది లేదు. గొంతు చాలా చిన్నగా ఉంది, ఇంట్లోవాళ్ళకు వినపడకూడదన్నట్టు.

"అక్కా, నువ్వు ఫోను పెట్టేశావటగా. మావారు చెప్పారు. నేనూ రోజూ పాటలు పాడతానక్కా, వచ్చినవీ రానివీ. నిన్న గొంతు పూర్తిగా పోయింది. ఎలా పెట్టేశావక్కా? భయం వెయ్యలేదా?"

"వేసింది" అంది ఆమె. "ఇప్పటికీ వేస్తోంది. ఆయన ఇప్పుడు లైన్లో ఉన్నారా?"

"ఇంకో ఫోన్లో ఉన్నారు. పాడమంటున్నారు."

"పక్కకు ఆపమని చెప్పి, ఆ ఫోను పెట్టెయ్. నా ఫోను మాత్రం పెట్టకు. ఆయన ఆపేదాకా నేను నీతో ఉంటాను."