పదికి పది

నాచారంలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే కనకరాజు సారు ఆ సాయంత్రం కాలుష్యం గురించి రాయమన్నాడు. రంగుల ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించే రెబెక్కా, ఏడాదిగా వదలని తన దగ్గును తలుచుకుని, ఆ ఫ్యాక్టరీని వెంటనే మూసెయ్యాలని ఇంగ్లీషులో రాసిపారేసింది. సారు పదికి పది వేశాడు.

రెబెక్కా పొంగిపోయింది. ఆ వెంటనే అయోమయంలో పడింది.

"సార్, పదికి పదొచ్చిన కాయితం తెస్తే సూపర్‌వైజర్‌ను జేస్తనన్నడు మా మేనేజర్."

"ఇంకేందమ్మా, చూపియ్యి!"

"అండ్ల ఏం రాసిన్నో చదివిన్రా సార్?"

ఇందాక తప్పులు మాత్రమే వెతికిన సారు, ఇప్పుడు చదివాడు. చదివి తల గోక్కున్నాడు.

"మరెట్లమ్మా?"

"పదికి పదుంటె చూపియ్యకుండ ఉండలేను. జర ఒక్క మార్కన్నా తగ్గియ్యున్రి సార్!"