నాన్న మాటకి ఏ సిస్టమ్

ప్రభుదాస్ ఆర్టీసీ కండక్టర్‌గా చేసినన్నాళ్లు బోరబండ రూటులో ఆయన నోటికి జవాబిచ్చినవాడు లేడు. చిల్లర లేదన్నవాడికి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి, సీటు కోసం కొట్లాడేవాళ్లకి ఎవరికి తగ్గ మాట వాళ్లకి అక్కడికక్కడే పడేది. బస్సంతా నవ్వేది, మాట పడ్డవాడితో సహా. అలాంటి మనిషికి రిటైరైన కొన్నాళ్లకి నాలుక మొద్దుబారడం మొదలైంది.

కట్టుడు పళ్లవల్ల అనుకున్నారు ముందు. చివరికి పెద్ద దవాఖానలో ప్రభుదాస్ కూతురు దీవెనని డాక్టరు పక్కకి పిలిచి చెప్పాడు. నరాల జబ్బు. ముందు మాట పోతుంది, తర్వాత చేతులు, ఆ తర్వాత మింగడం, ఊపిరి. తగ్గించే మందు లేదు. "చేతులు పనిచేస్తున్నప్పుడే టైప్ చేయడం అలవాటు చేయండమ్మా" అన్నాడు.

దీవెన మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. పెళ్లి కాలేదు. అమ్మానాన్నలతో హఫీజ్‌పేట్‌లో ఉంటుంది. అటక మీంచి తను బీటెక్‌లో వాడిన చిన్న లాప్‌టాప్ దించింది. పలకంత ఉంటుంది. నాన్న ఒళ్లో పెట్టుకున్నా బరువు తెలియదు. కీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి ఆయన చెయ్యి ఎక్కువ జరపక్కర్లేదు. కొత్త వాటిలో అంత చిన్నది ఎక్కడా దొరకలేదు.

ఆదివారం చర్చి అయ్యాక, ఆఫీసులో దీవెన పక్క సీట్లో కూర్చునే ఉదయ్ భాస్కర్ ఇంటికొచ్చి, దానిలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కించాడు. ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది. ఒకటి కంపెనీ అమ్మేది. రెండోది లినక్స్, నలుగురూ కలిసి రాసుకున్నది, కావాల్సినట్టు మార్చుకోవచ్చు.

"దేంట్ల టైప్ చేసినా పైకి చదువుతది అంకుల్. రెండూ చూడండి. మీకేది నచ్చితే అది ఉంచుదాం."

కంపెనీ సిస్టమ్‌లో గొంతు వార్తలు చదివే మనిషిలా స్పష్టంగా, మెత్తగా ఉంది. దీవెన తల్లి ఎస్తేరు చేతులు జోడించి, "చూశారా అండీ, ఎంత చక్కగా పలికిందో!" అంది. ఆమెది గుంటూరు వైపు. పెళ్లై ఇన్నేళ్లైనా ఆ యాస పోలేదు. తర్వాత లినక్స్ గొంతు విన్నారు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంది. ఎస్తేరు మొహం తిప్పేసుకుంది.

గడప దాటుతూ ఉదయ్ భాస్కర్ మెల్లగా అడిగాడు. "అంకుల్ మాట్లాడినవి పాత రికార్డింగులు ఏమన్న ఉన్నయా? ఉంటే ఆయన గొంతులాగనే చేయొచ్చంటున్నరు."

ఏమీ లేవు. ఫోనులో ఉన్నవన్నీ మాట ముద్దగా మారాక తీసినవే. ఎప్పుడూ ఇంట్లో మోగుతూనే ఉండే గొంతుని దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

దీవెన నాన్నని అడగకుండానే మంచి గొంతున్న సిస్టమ్ ఉంచింది. ఇంత జరుగుతున్నప్పుడు ఆయన మాటైనా వినడానికి బాగుండాలి అనుకుంది.

కానీ ఆ పాత మిషన్‌కి ఆ సిస్టమ్ మోయలేని బరువైంది. ఆయన కీ నొక్కి వేలు తీశాక, కాసేపటికి గాని అక్షరం కనబడేది కాదు. మాట పూర్తయ్యాక గొంతు రావడానికి ఇంకాసేపు.

ఒకరోజు సాయంత్రం పక్క ఫ్లాట్ అంజమ్మ వచ్చింది. ప్రభుదాస్‌తో పరాచికాలాడకుండా ఆమెకి పొద్దుపోదు.

"ఏం అన్నా, ఎట్లున్నవ్?"

ఆయన కళ్లు మెరిశాయి. టైప్ చేయడం మొదలుపెట్టాడు. అంజమ్మ కాసేపు చూసింది. ఎస్తేరు అందుకుంది. "బాగానే ఉన్నారు అంజమ్మగారూ. ఇందాక రెండిడ్లీలు తిన్నారు." మాట అక్కణ్నుంచి మంచినీళ్ల మీదికి, అక్కణ్నుంచి అంజమ్మ చెల్లెలి మీదికి పోయింది. ఆ చెల్లెలికి పెళ్లైన ఇన్నేళ్లకి కడుపు నిలిచి, మొన్ననే గర్భం పోయింది. చెబుతూ చెబుతూ అంజమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సరిగ్గా అప్పుడు ప్రభుదాస్ ఒళ్లోంచి ఆ మెత్తటి గొంతు, "నీకంటె మంచిగనే ఉన్న" అంది.

అంజమ్మ కొంగు తీసి ఆయన వైపు చూసింది. ప్రభుదాస్ కంగారుగా తలూపుతూ, కాదు కాదన్నట్టు చెయ్యెత్తబోయాడు. చెయ్యి సగమే లేచింది. అంజమ్మే తేరుకుని, "పర్వాలేదన్నా, నాకు సమజైంది" అని ఆయన భుజం తట్టి వెళ్లిపోయింది. ఆయన లాప్‌టాప్ మూసేశాడు. ఆ రాత్రి అన్నం వద్దన్నాడు.

మర్నాడు పొద్దున్నే దీవెనని పిలిచి, లాప్‌టాప్ వైపు చూపించి, రెండు వేళ్లెత్తాడు. రెండోది పెట్టమని.

"ఆ రేకు డబ్బా గొంతు నాకొద్దండీ" అంది ఎస్తేరు వంటింట్లోంచి వచ్చి. "మీరు మాట్లాడుతుంటే అది వినబడితే నేను తట్టుకోలేను."

"అమ్మ చెప్పేది నిజమే నాన్నా. నేను వేరే ఏదైనా చూస్తా, కొంచెం ఆగు" అంది దీవెన.

ఆయన ఆగలేదు. తనే ఆన్ చేసుకుని లినక్స్ ఎంచుకున్నాడు. అక్షరాలు వేలి వెంటే పడ్డాయి. రేకు గొంతు గదంతా మోగింది.

"నా గొంతు పోయింది ఎస్తేరూ. ఇగ రాదు. మాటన్న టైముకి రానియ్యి."

ఎస్తేరు గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన మళ్లీ కొట్టాడు. "నేను జవాబు చెప్పేలోపు మీరే చెప్తున్నరు. నేను బతికే ఉన్న కదా బిడ్డా."

దీవెన బాల్కనీలోకి పోయి ఆరేసిన దుప్పటి చాటున ఏడ్చింది. ఆ సాయంత్రమే కంపెనీ సిస్టమ్ తీసేసింది. ఉదయ్ భాస్కర్‌ని అడిగి ఆ రేకు గొంతుని కాస్త కిందికి దించింది, కాస్త బరువు పెంచింది. ఒక్కో మార్పుకీ నాన్నకి వినిపించేది. ఆయన నవ్వి అడ్డంగా తలూపేవాడు. ఎంత మార్చినా అది ఆయన గొంతు కాలేదు. కొన్నాళ్లకి దీవెన ఆ ప్రయత్నం మానుకుంది.

గొంతు ఎలా ఉన్నా, మాట మాత్రం ఆయనదే. అంజమ్మకి క్షమాపణ చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా ఆమె ఒక మాటంటే ఈయన రెండు అన్నాడు. చర్చిలో పాస్టరుగారు ప్రసంగం సాగదీసిన రోజు, "స్టాపు దాటిపోయింది అయ్యగారూ" అని రేకు గొంతు వినబడితే వెనక బెంచీల దాకా నవ్వారు. ఎస్తేరు మొదట చెవులు మూసుకునేది. తర్వాత తర్వాత ఆ గొంతు వినబడగానే వంటింట్లోంచి "వస్తున్నానండీ" అనడం నేర్చుకుంది.

చలికాలం వచ్చేసరికి ఎడమ చెయ్యి పడిపోయింది. తర్వాత కుడిచేతి వేళ్లు. ఉదయ్ భాస్కర్ ఒక మీట తెచ్చి అమర్చాడు. తెర మీద అక్షరాలు వరసగా వెలిగి ఆరుతుంటాయి. కావాల్సింది వెలిగినప్పుడు బుగ్గతో నొక్కాలి. ఒక మాటకి ఒక్కోసారి పూటంతా పట్టేది. ఇప్పుడు ఎవరూ తొందరపెట్టలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు సగం మాట చూసి మిగతాది పూర్తిచేయబోతే, ఎస్తేరు వేలు పెదాల మీద పెట్టి ఆపేది. "ఉండండి. ఆయన చెబుతున్నారు."

గుడ్‌ఫ్రైడే ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున ప్రభుదాస్ 'ఎ' అని నొక్కి కళ్లు మూసుకున్నాడు. అలిసిపోయాడనుకుంది ఎస్తేరు. పక్కనే కుర్చీ వేసుకుని తెర చూస్తూ కూర్చుంది. దీవెన స్నానం చేసి వచ్చేసరికి ఆయన ఊపిరి తేడాగా ఉంది. అంబులెన్సు దవాఖాన గేటు చేరకముందే అది ఆగిపోయింది.

బోరబండ సమాధుల తోటనుంచి ఇంటికొచ్చాక చుట్టాలంతా హాల్లో కూర్చున్నారు. ఆ చివరి అక్షరం సంగతి అప్పటికే అందరికీ తెలిసింది.

"ఇంకేముంటది వదినా" అన్నాడు ప్రభుదాస్ తమ్ముడు శామ్యూల్. "ఎస్తేరూ అని నిన్నే పిలవబోయిండు."

అందరూ అవునవునన్నారు. ఎవరో ఏడ్చారు. దీవెన తల్లి వైపు చూసింది. ఆ ఒక్క మాట ఒప్పుకుంటే అమ్మకి కొంత ఊరటగా ఉంటుందేమో అనిపించింది.

ఎస్తేరు అడ్డంగా తలూపింది.

"ఏమో శామ్యూల్. ఎండ పడుతోంది, పరదా వెయ్యమన్నారేమో. కిటికీ పక్కనే కదా మంచం." ఆమె కొంగు సర్దుకుంది. "ఆయన చెప్పలేదు. ఆయన చెప్పని మాట నేను చెప్పను."

లేచి లోపలికి పోయింది. దీవెన వెనకే వెళ్లింది. ఎస్తేరు ఆ కిటికీ పరదా పూర్తిగా వేసి, దాన్ని పట్టుకునే భోరున ఏడ్చింది. దీవెన ఆమె ఏడ్చినంతసేపూ పక్కనే నిలబడింది.