చీమలు పట్టిన గాజు

మా ఊళ్ళో సర్కారు బోర్డు పెట్టి కాపాడుతున్న పాత కట్టడాలు మూడున్నాయి. ఒకటి వంతెన. మరమ్మతని చెప్పి దానికి ఎర్రతాడు కట్టారు, ఇవాళ్టికీ విప్పలేదు. రెండోది గంటస్తంభం. మూడోది మా కొంప. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళే గానీ లోపల మీరెలా బతుకుతున్నారని అడిగినవాడు లేడు. కింద రొట్టెల బట్టీ, దుకాణం. పైన రెండు గదులు. గోడకు మేకు కొట్టాలన్నా పురావస్తు శాఖవాళ్ళ అనుమతి కావాలి.

నిరుడు వానల తర్వాత బట్టీ వెనక గోడ పగిలింది. ఆ పగులు పైకి పాకి, పై గదిలో మా అమ్మాయి మంచం దాకా వెళ్ళింది. శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. ఎప్పుడూ చేతిలో టేపు ఉంటుంది గనక కొలతలాయన అంటాం. బాగుచేసుకుంటామంటే ఒప్పుకోలేదు. పగులుకి అడ్డంగా సన్నటి గాజుపట్టీ పెట్టి, రెండు చివర్లా సున్నంతో అతికించాడు.

"గోడ కదిలితే గాజు పగులుతుందమ్మా. పగిలితే మరమ్మతు చేయిస్తాం. పగల్లేదంటే ఇది ఎప్పటిదో పాత పగులు, ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాడు.

అప్పట్నుంచి అమ్మాయిని దుకాణంలో బల్ల మీద పడుకోబెడుతున్నాను. పిల్లని మేం పిచ్చుకంటాం. రోజూ పొద్దున్నే పైకెక్కి గాజు చూడటం నా పని. పగలవే మహాతల్లీ అని మొక్కుకోని రోజు లేదు. గోడలో మట్టి రాలుతున్న చప్పుడు నా చెవులకి వినిపించేది. గాజు మాత్రం చెక్కుచెదరదు. నాకే పిచ్చెక్కుతోందేమోనని భయం వేసింది.

"నీదంతా అనుమానం. ఈ గోడ మనందర్నీ సాగనంపేదాకా ఉంటుంది," అనేవాడు మా ఆయన.

ఇవాళ కొలతలాయన ఆఖరి తనిఖీ. గాజు బాగుందంటే ఫైలు మూసేస్తారు. ఇక లాభం లేదనుకుని సుత్తి పట్టుకుని పైకెళ్ళాను. కొడదామని చెయ్యెత్తేసరికి గాజు చివర్ల చీమలు కనిపించాయి. బారులు తీరి ఆ తెల్లటి ముద్దని తింటున్నాయి. సున్నానికి చీమలు పడతాయా? వేలితో నొక్కితే మెత్తగా దిగింది. మా బట్టీ మైదాతో కాచిన జిగురు.

సుత్తి అక్కడే పెట్టేశాను. కిందికి వచ్చేసరికి మా ఆయన బట్టీ ముందు నిలబడి ఉన్నాడు.

"ఎన్నిసార్లు పగిలింది?" అన్నాను.

అబద్ధమాడలేదు. పిండి పీపా వెనక నుంచి గుడ్డమూట తీసి విప్పాడు. దాన్నిండా గాజుముక్కలు.

"మీరసలు మనిషేనా? పిల్లతో సహా ఈ గోడ పక్కనే కదండీ బతుకుతున్నాం!"

"పగిలిందని తెలిస్తే ఆ రోజే తాళం వేస్తారే. వంతెన చూడట్లేదా? తాడు కట్టారు, ఒక్క రాయైనా కదిపారా? ఈ బట్టీ తప్ప నాకింకేం చేతనవును? పిల్ల కిందే పడుకుంటోంది కదా అని ధైర్యం చెప్పుకున్నా."

నోటికొచ్చినట్టు తిట్టాలనుకున్నాను. కానీ తాళం వేస్తే మా పొయ్యిలో పిల్లి లేవదన్న సంగతి నాకప్పుడే తట్టింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అంతలో కొలతలాయన రానే వచ్చాడు. మా ఆయన మూట జేబులో కుక్కుకున్నాడు. పిచ్చుకతో సహా అందరం ఆయన వెనకే పైకెక్కాం. టార్చి వేసి చూశాడు.

"ఇన్ని చీమలేంటమ్మా?" అని మళ్ళీ తనే నవ్వాడు. "బేకరీలో చీమలు కాక ఏనుగులుంటాయా! గాజు నిక్షేపంలా ఉంది. ఇక బెంగ పెట్టుకోకండి."

ఇన్నాళ్ళూ పగలమని మొక్కినదాన్ని నేనే. చెప్తే రోడ్డున పడతాం. చెప్పకపోతే రేపు కూడా రొట్టెలుంటాయి. నేల చూస్తూ నిలబడ్డాను.

"అయితే నా గదిలో పడుకోవచ్చా?" అంది పిచ్చుక. జవాబుకి ఆగకుండా కిందికి పరిగెత్తి, పరుపు చుట్టి మెట్ల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. దిండు చంకలో ఇరికించుకుంది. దాని మొహం వెలిగిపోతోంది.

మా ఆయన మెట్లకి అడ్డం నిలబడ్డాడు. పరుపు దాని చేతిలోంచి లాగేసుకున్నాడు. జేబులోంచి ఆ మూట తీసి కొలతలాయన చేతిలో పెట్టాడు.

"గాజు పగిలింది సార్. పగిలినప్పుడల్లా తెల్లారకముందే నేనే మార్చాను."

కొలతలాయన మూట విప్పి చూశాడు. అతికిన చోట గోరు పెట్టి గీరాడు. నవ్వు పోయింది. "ముందు అందరూ బయటికి నడవండి. బట్టీ ఆర్పెయ్యండి," అన్నాడు.

నేను కాపురానికి వచ్చాక ఆ బట్టీ ఒక్కనాడూ ఆరలేదు. మా ఆయన నిప్పులు బయటికి లాగి తనే నీళ్ళు పోశాడు. సగం కాలిన రొట్టెలు లోపలే ఉండిపోయాయి. ఆయన ఏడుస్తుంటే నాకూ ఏడుపు ఆగలేదు.

వీధిలోకి వచ్చాం. కొలతలాయన తలుపుకి తాళం వేసి, అడ్డంగా ఎర్రతాడు కట్టాడు. పిచ్చుక పరుపుచుట్ట మీద కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మరి ఇదెక్కడ పరుచుకోవాలి నాన్నా?"

ఆయన నా వైపు చూశాడు. నేను తాడు వైపు చూశాను.